కాస్త ఈ సంచి చూస్తుండు

'మన బాపట్ల అన్న ఇక లేరు.'

చదువు కోసమూ, ఆ తర్వాత ఉద్యోగం కోసమూ హైదరాబాదు చేరిన తెనాలి, రేపల్లె, బాపట్ల కుర్రాళ్ళం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఒక ఉదయం కనిపించిన వాక్యం ఇది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. కాలేజీ రోజుల్లో డిబేట్ పోటీలకు తిరిగి తిరిగి, ఎదుట పడిన ప్రతి వాక్యాన్నీ విడదీసి చూసే అలవాటు నాకు మిగిలిపోయింది. దుఃఖం కూడా దాన్ని మాన్పించలేదు. 'ఇక లేరు' అన్నది నిజం. డెంగీ జ్వరంతో నగరంలో ఒక ఆసుపత్రిలో పోయాడు. ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. 'మన' అన్నది చర్చించవలసిన మాట. 'బాపట్ల' అన్నది తప్పు. అది తప్పని ఆ గ్రూపులో అందరికీ తెలుసు.

ఆయనది స్టూవర్టుపురం. బ్రిటిషు కాలంలో కొన్ని కులాల మనుషులను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టిన చట్టం ఒకటి ఉండేది. అలా లెక్కగట్టినవాళ్ళను ఒకచోట నిలిపి ఉంచడానికి బాపట్ల పక్కన వెలసిన ఊరు అది. ఆ చట్టం రద్దయి మా తాతల కాలం గడిచిపోయింది. ఊరి పేరు వినగానే జేబు తడుముకునే చెయ్యి మాత్రం ఇంకా రద్దు కాలేదు.

ఆ వాక్యం రాసింది రేపల్లె సుధీర్. ఒకప్పుడు మాతో పాటు ఒకే గదిలో ఉన్నవాడు. ఫోన్ చేశాను.

"ఊరు తప్పు రాశావు," అన్నాను.

"తప్పు రాయలేదురా, కావాలనే రాశా. పోయినోడి గురించి అది కూడా చెప్పాలా?"

"అది అంటే ఏది?"

"అదేరా. తెలిసి అడుగుతావేంటి? ఆయన గౌరవం కోసమే రాయలేదు."

పుట్టిన ఊరి పేరును దాచిపెడితే తప్ప నిలబడని గౌరవం ఎలాంటిదని అడగాలనిపించింది. అవతల అతను ముక్కు చీదుకున్నాడు, ఏడ్చినట్టున్నాడు. ఆ ఏడుపు అబద్ధం కాదు. అడగలేదు. సుధీర్ అనకుండా ఆపిన మాటను అని, ఆ మనిషిని నాకు తెలిసినంత మేరకు నిలబెట్టడానికే ఇది రాస్తున్నాను.

నేను బాపట్లలో ఇంజనీరింగు ముగించి, కంప్యూటరు కోర్సుల కోసం అమీర్‌పేటలో దిగిన రోజు ఆయన మెట్రో మెట్ల కింద నిలబడి ఉన్నాడు. మా ప్రాంతం నుంచి ఎవరు కొత్తగా వచ్చినా 'అన్నను కలువు' అని చెప్పి పంపడం అప్పటికే రివాజు. సన్నని మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఉన్నాడు.

"తెనాలి కుర్రాడివి నువ్వేనా? స్టేజీ ఎక్కితే దిగవంటగా?"

"గంట కొడితే దిగుతానన్నా."

"ఇక్కడ గంట కొట్టేవాళ్ళు ఉండరు తమ్ముడూ, నెట్టేసేవాళ్ళే," అని నవ్వి ముందు నడిచాడు.

నా చేతిలో సూట్‌కేసు, భుజాన సంచి, చంకలో గోంగూర పచ్చడి సీసా. మా వైపు చుట్టమైనా, ముఖపరిచయమైనా, ఎదురొచ్చినవాడు ముందుగా చేసే పని సామాను లాక్కోవడం. 'ఇటివ్వు' అంటూ పెనుగులాట జరగకపోతే అది స్వాగతమే కాదు. ఆయన మాత్రం నా సామాను వైపు చెయ్యి చాపలేదు. అడుగడుగుకూ ఆగి, నేను అందుకునేదాకా ఎదురుచూసి, మళ్ళీ నడిచాడు. విచిత్రమైన మర్యాద అనుకున్నాను. హాస్టలు గుమ్మంలో నేను సూట్‌కేసు కింద పెట్టాక, "అన్నీ వచ్చినాయా? ఒకసారి చూసుకో," అన్నాడు.

ఆ తర్వాత ఆయనతో ఒకే గదిలో ఉన్నాను. ఆయన తీరులు ఒక్కొక్కటే తెలిశాయి. తన గదిలోకి తాను వస్తూ కూడా గడప దగ్గర ఆగి గొంతు సవరించుకునేవాడు. "ఇదేమన్నా పెళ్ళికూతురి గదా అన్నా, దగ్గి రావడానికి?" అని సుధీర్ ఏడిపించేవాడు. "నువ్వెంత సిగ్గరివో నాకు తెలుసుగా సుధీరూ," అనేవాడు. కొట్టులోకి వెళ్తే వెనక్కి కట్టుకున్న చేతులు విప్పేవాడు కాదు. కావలసిన వస్తువును గడ్డంతో చూపించేవాడు. ఆయన సంచి జిప్పు ఏనాడూ మూసి ఉండేది కాదు. లోపల మడతపెట్టిన తువ్వాలు, టిఫిన్ డబ్బా, దువ్వెన, ఎవరైనా నడుస్తూ నడుస్తూ చూడగలిగేంతగా బయటికి కనిపిస్తూ ఉండేవి.

అన్నింటికంటే వింతైనది ఒకటుంది. గదిలో ఎవరి ఫోనైనా చార్జింగులో ఉండి, ఆ మనిషి స్నానానికి పోతే, ఆయన చేస్తున్న పని ఆపి లేచి బయటికి వెళ్ళేవాడు. వరండా కటకటాల దగ్గర మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడేవాడు. ఆ మనిషి తిరిగొచ్చాకే లోపలికి వచ్చేవాడు.

"ఎండలో ఏం చూస్తున్నావన్నా?" అని అడిగాను ఒకసారి.

"హైటెక్ సిటీ ఎటో చూస్తున్నా తమ్ముడూ. మనల్ని పిలుస్తదేమోనని."

ఆ నగరంలో ఉద్యోగం చదువుతో సగమే వస్తుంది. మిగతా సగం లోపల ఉన్నవాడెవడో మన పేరు పైకి పంపితే వస్తుంది. ఆ లోపలివాణ్ణి వెతికిపెట్టడమే అన్న వ్యసనం. ప్రతి ఆదివారం ఉదయం మా సందు చివర టిఫిన్ బండి దగ్గర మా ప్రాంతం వాళ్ళు చేరేవారు. అక్కడ ఉద్యోగస్థుడి పక్కన ఉద్యోగం లేనివాణ్ణి, ఏదో యథాలాపంగా జరిగినట్టు, నిలబెట్టేవాడు. "ఈ పిల్లాడిది తెనాలండి. నోరు తెరిస్తే జడ్జీలు లేచి నిలబడాల," అని నన్ను చాలామందికి అప్పగించాడు. "ఊరు కలిస్తే సగం పని అయినట్టే," అన్నది ఆయన ఊతపదం.

ఊరు కలవడం మా వాళ్ళకు ఒక ఆట. "మీదెక్కడ?" "చుండూరండి." "చుండూర్లో ఎక్కడ?" "సెంటర్ దాటినాక." "ఎవరి తాలూకు? ఇంటిపేరేంటి?" ఇందులో ప్రేమ లేదని అనను, పరాయి నగరంలో సొంత ఊరి వీధి పేరు వినిపిస్తే కళ్ళు తడిసినవాళ్ళను చూశాను. కానీ ఈ ప్రశ్నల వరస ఎక్కడికి పోతుందో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. 'ఏ వీధి' అన్నది 'ఏ కులం' అన్న ప్రశ్నకు మనం తొడిగిన ఇస్త్రీ చొక్కా. అన్న ఆ వరసను రెండో మెట్టు దగ్గరే తెంపేవాడు. "నందివెలుగా? చాలండి, ఊరు చాలు. అక్కడ ఇడ్లీ చల్లారిపోతంది," అని ఇద్దరి మధ్యకూ ప్లేటు జరిపేవాడు. ఎదుటివాళ్ళ కోసం తెంపుతున్నాడని అనుకునేవాణ్ణి. నిజమే, వాళ్ళ కోసం కూడా.

తనను అడిగితే, "బాపట్లండి," అనేవాడు.

"బాపట్లలో ఎక్కడ?"

"స్టేషన్ దగ్గరేనండి. పడుకుంటే రైలు చప్పుడు వినపడుద్ది."

సర్టిఫికెట్ కోసం నేను బాపట్ల వెళ్ళవలసి వచ్చినప్పుడు ఇద్దరం కలిసి బయలుదేరాం. తెనాలిలో దిగి పాసింజరు ఎక్కాం. చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల దాటి బండి బాపట్లలో ఆగింది. నేను లేచాను. ఆయన లేవలేదు.

"అన్నా, బాపట్ల."

"నువ్వు దిగు తమ్ముడూ. నాది పక్క స్టేషను."

పక్క స్టేషను ఏమిటో నాకు తెలుసు. బాపట్ల కాలేజీలో చదివిన ఎవరికైనా తెలుసు. నేను కూర్చున్నాను. బండి కదిలింది. ఆయన నా వైపు చూడకుండా కిటికీలోంచి జీడితోటలను చూస్తూ మాట్లాడాడు.

"అబద్ధం ఆడలేదు తమ్ముడూ. మా ఇల్లు స్టేషన్ దగ్గరే. రైలు చప్పుడు వినపడుద్ది. కాకపోతే నిజాన్ని ఒక స్టేషను ముందే దించేశా."

"ఇన్నాళ్ళూ ఎందుకు దాచావన్నా?"

"మా నాన్న బడిపంతులు. రిటైరయ్యేదాకా ఎవరింటికెళ్ళినా గడపలోనే నిలబడి మాట్లాడేవాడు. మా తాత అయితే పక్కూరు పోవాలన్నా ఆ రోజుల్లో పోలీసులకి చీటీ చూపించాల. నేను చదువుకున్నోణ్ణిగా, ఊరు పేరు మార్చా." చిన్నపిల్లవాడు ఇష్టమైన తినుబండారం పేరు చెప్పినట్టు చెప్పాడు: "రైల్లో ఎవరన్నా 'బాబూ, కాస్త ఈ సంచి చూస్తుండు' అని నాకు అప్పజెప్పి పోతారు చూడు, ఆ రోజు నాకు పండగ. సంచి వంక చూస్తా కూర్చుంటా. నీళ్ళు కూడా తాగను. వాళ్ళు తిరిగొచ్చి 'థాంక్స్ బాబూ' అంటారు. అప్పుడు ఒకటే అనుకుంటా. నా ఊరు పేరు చెప్పినాక కూడా ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు, అట్టా సంచి ఇచ్చి పోతే చాలు. ఈ ఉజ్జోగాలు అవన్నీ తర్వాత."

"చెప్పి చూశావా ఎప్పుడైనా?"

"భయం తమ్ముడూ. చెప్పకపోతే ఆశన్నా ఉంటదిగా."

స్టూవర్టుపురంలో బండి ఆగింది. ఆయన దిగాడు. నేను తర్వాతి స్టేషనుదాకా పోయి వెనక్కి వచ్చాను. ఆ రోజు నుంచి వరండాలో ఎండన నిలబడ్డ ఆ మనిషిని చూస్తే ఆ మర్యాదకు అర్థం నాకు తెలిసేది. తెలియడం వల్ల ఆయనకు ఒరిగిందేమీ లేదు. ఎండ అలాగే కాచేది.

బయటపెట్టింది శత్రువులెవరూ కాదు. అభిమానం. బాపట్లలో చుట్టాల పెళ్ళికి వెళ్ళిన సుధీర్, అన్నకు చెప్పకుండా వాళ్ళమ్మగారిని పలకరించి వద్దామనుకున్నాడు. ఉస్మానియా బిస్కెట్ల డబ్బా ఒకటి హైదరాబాదు నుంచే మోసుకుపోయాడు. మావాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు అది: స్నేహితుడి ఊరికి వెళ్ళి వాళ్ళింట్లో మంచినీళ్ళు తాగకుండా వస్తే తప్పు పడతారని భయపడే మనుషులం. స్టేషను చుట్టుపక్కల వీధులన్నీ ఫోనులో ఫొటో చూపిస్తూ తిరిగాడట. అందరూ ఎరగమనే అన్నారు. చివరికి ఒక ఆటో అతను, "ఈయన స్టూవర్టుపురం పంతులుగారి అబ్బాయి కదండీ, ఎక్కండి, తీసుకెళ్తా. ఎంతసేపు?" అన్నాడు. సుధీర్ ఎక్కలేదు. డబ్బాతో సహా తిరిగొచ్చాడు.

గదిలోకి వచ్చి దాన్ని బల్ల మీద పెట్టి, "ఇల్లు దొరకలేదన్నా," అన్నాడు. ఎప్పుడూ అరిచినట్టు మాట్లాడేవాడు, అంత మెల్లగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. అన్న డబ్బా వైపు చూశాడు, సుధీర్ వైపు చూశాడు. "దొరకదులే సుధీరూ. కాస్త దూరం," అన్నాడు. అంతే.

ఎవరూ నిందించలేదు, నిలదీయలేదు. కొన్నాళ్ళకు సుధీర్ అలమరకు తాళం పడింది. అంతకుముందు మా గదిలో తాళం అన్నదే లేదు. ఒకరి చొక్కా ఒకరు తొడుక్కుని, ఒకరి నూనె ఒకరు రాసుకుని బతికాం. ఆ తర్వాత పక్క మంచం వాడి పెట్టెకు పడింది. పొద్దున్నే ఆఫీసులకూ క్లాసులకూ బయలుదేరేటప్పుడు ఆ టిక్కు టిక్కు చప్పుళ్ళు వినిపించేవి. అన్న అద్దం ముందు తల దువ్వుకుంటూ, వెనక్కి తిరగకుండా, అవి ముగిసేదాకా దువ్వుకుంటూనే ఉండేవాడు.

ఒక సాయంత్రం నేను ఆగలేకపోయాను.

"సుధీర్, గదిలో ఏదన్నా పోయిందా?"

"ఏం పోలేదే."

"మరి తాళమెందుకు?"

"నా అలమరకి నేను తాళమేసుకోవడానికి నీ పర్మిషనా?"

"ఇంతకుముందు ఎందుకు వేసుకోలేదు?"

"ఇంతకుముందు తెలీదుగా!"

అని తనే ఉలిక్కిపడ్డాడు. "అది కాదురా. అన్నంటే నాకు ప్రాణం. ఆయన మీద నాకేం అనుమానం లేదు. ఊరికే, జాగ్రత్త."

"అనుమానం లేని చోట జాగ్రత్త దేని గురించి?"

"నీతో మాట్లాడలేం రా బాబూ. ఇది మీ కాలేజీ స్టేజీ కాదు."

నేను ఆగలేదు. మా అందరికంటే ఎక్కువ కాలం ఆ గదిలో ఉన్నది ఆయనేనని, మా ఫోన్లూ పర్సులూ విచ్చలవిడిగా పడి ఉన్న రోజుల్లో గుండుసూది కూడా పోలేదని, పుట్టిన చోటును బట్టి మనిషి నడతను నిర్ణయించడం తర్కానికీ న్యాయానికీ రెండింటికీ విరుద్ధమని, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాను. ఏ వేదిక మీదైనా ఆ వాదన గెలిచి ఉండేది. అంతలో గడప దగ్గర గొంతు సవరించుకున్న చప్పుడు.

"బాగా మాట్లాడుతున్నావు తమ్ముడూ," అంటూ వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. "నాదో చిన్న డౌటు. ఇంతకీ కేసేంటి?"

"ఏంటన్నా?"

"నేను మంచోణ్ణని రుజువు చేస్తున్నావుగా. కాదని ఎవరన్నారు? సుధీరూ, నువ్వన్నావా?"

"ఒట్టు అన్నా, నేనేమీ అనలా."

"చూశావా? పోయిన వస్తువు లేదు, ఫిర్యాదు చేసినోడు లేడు. నువ్వు మాత్రం ప్లీడరు కోటు తొడుక్కుని వచ్చేశావు. ప్లీడరు లేచి నిలబడ్డాడంటే బోనులో ముద్దాయి ఉన్నట్టేగా తమ్ముడూ? నీ ఊరి తరఫున ఎప్పుడన్నా ఇట్టా వాదించాల్సి వచ్చిందా నీకు?"

ఆ ప్రశ్న గురించి తర్వాత ఎంతో ఆలోచించాను. ఒక మనిషి నిర్దోషి అని వాదించే అవసరం ఏర్పడిన చోట అతను అప్పటికే ఓడిపోయి ఉంటాడన్న సంగతిని ఏ శిక్షణా నాకు నేర్పలేదు.

ఆయన లేచి సుధీర్ అలమర దగ్గరికి పోయి, చేతులు వెనక్కి కట్టుకుని, ముందుకు వంగి తాళాన్ని చూశాడు.

"చవక తాళం కొన్నావు సుధీరూ. నా మీద గౌరవముంటే కాస్త మంచిది కొనాల్సింది."

ఆయన ఒక్కడే నవ్వాడు.

హాస్టలు ఖాళీ చేయడానికి ఆదివారం మధ్యాహ్నాన్ని ఎంచుకున్నాడు, గదిలో అందరమూ ఉండే వేళ. సూట్‌కేసును మంచం మధ్యలో బార్లా తెరిచాడు. ఒక్కొక్క చొక్కానూ విప్పి దులిపి, మడిచి, లోపల పెట్టాడు. పుస్తకాలను ఒకసారి తిరగేసి మరీ పెట్టాడు. తాపీగా, మా ముందు, మేం చూస్తున్నామని తెలిసి, మేం చూడాలనే. రేపు ఎప్పుడైనా ఎవరి దువ్వెనైనా కనిపించకపోతే తన పేరు ఎవరి నోటికీ రాకూడదని. సుధీర్ ముఖం గోడవైపు తిప్పుకుని పడుకున్నాడు. చివరగా అన్న బల్ల మీద అప్పటిదాకా ఎవరూ విప్పని బిస్కెట్ల డబ్బాను చూపించి, "సుధీరూ, ఇది మా అమ్మకేగా తెచ్చావు? తీసుకెళ్ళనా?" అని అడిగాడు. గోడవైపు తిరిగిన తల ఊగింది. అప్పుడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

మెట్ల దాకా నేను వెళ్ళాను. "ఇకనుంచి ఊరి పేరే ముందు చెప్తా తమ్ముడూ," అన్నాడు. "అడిగినా చెప్తా, అడక్కపోయినా చెప్తా. దాచినా ఇంతేగా. చెప్పినాక కూడా సంచి ఇచ్చేవాళ్ళు ఎవరో ఒకరు ఉండకపోరు."

తర్వాత ఆయన మాదాపూర్‌లో ఒక కంపెనీలో టెస్టింగు ఉద్యోగంలో చేరాడు. "ఎదుటోళ్ళ తప్పులు పట్టే పని నాకిచ్చారు తమ్ముడూ, లోకం తలకిందులైంది," అన్నాడు. మనుషుల్ని కలపడం మానలేదు. నా మొదటి ఉద్యోగం ఆయన కలిపిన మనిషి వల్ల వచ్చింది. సుధీర్‌ది కూడా. "వాడి పేరు ఎలా పంపావన్నా?" అంటే, "ఊరు కలిసిందిగా," అన్నాడు. ఇంటికి వెళ్ళివచ్చినప్పుడల్లా ఫోన్ చేసేవాడు. నేను అడిగే ప్రశ్న ఒకటే.

"అన్నా, ఎవరన్నా ఇచ్చారా?"

"ఇంకా లేదు తమ్ముడూ. ఊరు పేరు చెప్తన్నా. చెప్పగానే అందరికీ బాత్రూం పని ఆగిపోతంది." నవ్వేవాడు. "పర్లేదులే. బండ్లు తిరగతానే ఉన్నాయిగా."

తిరుగుతూనే ఉన్నాయి.

స్టూవర్టుపురంలో నేను దిగేసరికి శవపేటిక వాళ్ళింటి వాకిట్లో ఉంది. చర్చి నుంచి వచ్చిన ఆడవాళ్ళు మెల్లగా పాట పాడుతున్నారు. ఆయన కలిపిన మనుషుల్లో, ఉద్యోగాలున్న అంతమందిలో, నేను తప్ప ఎవరూ లేరు. సుధీర్ సెలవు దొరకలేదన్నాడు. అరుగు మీద, ఆసుపత్రి నుంచి వచ్చిన ఆయన సంచి, జిప్పు తెరిచే ఉంది. పైన చేతి గడియారం, ఫోను, పర్సు.

వాళ్ళమ్మగారు నన్ను చూసి దగ్గరికి వచ్చారు.

"హైదరాబాదు నుంచా నాయనా? బిస్కెట్లు పంపిన సుధీరువు నువ్వేనా?"

"కాదండి. నేను తెనాలి."

"సుధీరు రాలా?"

"పనిలో ఇరుక్కున్నాడండి."

"పోన్లే. పిల్లలకి ఏం పనులుంటాయో. 'నా ఫ్రెండు నీకోసం ఏరి కోరి తెచ్చాడమ్మా' అని ఎంత సంబరపడ్డాడో మావాడు. ఆ డబ్బాలోనే పోపుగింజలు పోసుకుంటన్నా ఇప్పటికీ." కొంగుతో ముఖం తుడుచుకుని, లోపలి నుంచి ఎవరో పిలిస్తే అటు తిరిగి, అరుగు వైపు చెయ్యి చూపించారు. "నాయనా, ఇప్పుడే వస్తా. వాడి సంచి కాస్త చూస్తుండు."

ఆమె నా పేరు అడగలేదు, నా ఇంటిపేరు అడగలేదు. నేను అరుగు మీద ఆ సంచి పక్కన కూర్చున్నాను. ఆమె తిరిగొచ్చేదాకా నీళ్ళు ఇస్తే కూడా తాగలేదు.

పూడ్చిపెట్టడం అయిపోయాక మధ్యాహ్నం పాసింజరు ఎక్కాను. బోగీ దాదాపు ఖాళీ. బాపట్లలో ఒక పెద్దాయన ఎక్కి నా ఎదుట కూర్చున్నాడు. తెల్లచొక్కా, ఒళ్ళో గుడ్డసంచి, చేతిలో నీళ్ళ సీసా.

"ఎందాకా బాబూ?"

"తెనాలండి."

"నేనూ తెనాల్లోనే దిగాల. అక్కడ రేపల్లె బండి అందుకోవాల." ఆ మాటా ఈ మాటా అయింది. నా చదువు అడిగాడు, ఉద్యోగం అడిగాడు, "మంచిది, మంచిది," అన్నాడు. అప్పికట్ల దాటాక లేచి, సంచిని సీటు మీద పెట్టి, చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. "బాబూ, కాస్త ఈ సంచి చూస్తుండు. ఇట్టా వెళ్ళొస్తా." ఒక అడుగు వేసి, మాటవరసకు వెనక్కి తిరిగాడు. "ఇంతకీ ఎక్కడెక్కావు?"

నాది తెనాలి అని చెప్పవచ్చు, అది నిజమే. బాపట్ల అనవచ్చు, ఎవరికీ నష్టం లేదు. ఆయన అడిగింది ఎక్కడ ఎక్కానని.

"స్టూవర్టుపురంలోనండి. మా అన్నది ఆ ఊరే."

పెద్దాయన ముఖంలో కోపం లేదు, అసహ్యం లేదు. కాస్త ఇబ్బంది మాత్రం కనిపించింది, మంచివాళ్ళకు కలిగేలాంటిది. వేసిన అడుగు వెనక్కి వేసి, వంగి సంచి తీసుకున్నాడు.

"ఇందులో మందులున్నాయి బాబూ, వేసుకునే టైమైంది," అన్నాడు.

"అలాగేనండి."

అన్న అయితే ఇక్కడ లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడేవాడు, పెద్దాయన నిశ్చింతగా వెళ్ళి రావడానికి వీలుగా. నేను లేవలేదు. పెద్దాయన సంచిని చంకన పెట్టుకుని, ఊగుతున్న బోగీలో సీట్లు పట్టుకుంటూ వెళ్ళాడు. ఆ తొందరలో నీళ్ళ సీసా మాత్రం సీటు మీదే ఉండిపోయింది.

ఆయన తిరిగి వచ్చేదాకా దాన్ని చూస్తూ కూర్చున్నాను.